షేక్ సంగతి సరే, మీ అన్నయ్య సర్టిఫికెట్ ఎక్కడుంది?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. మేం దూదేకుల వాళ్లం. మా నాన్న పరుపులు కుట్టేవారు, దూది ఏకే విల్లు ఇప్పటికీ మా అటక మీద ఉంది. బళ్లో వేసినప్పుడు పంతులు గారు మా పేర్ల ముందు ‘షేక్’ అని రాశారు, అదే ఉండిపోయింది. మా అబ్బాయి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. మా కులం ఉన్న వెనుకబడిన తరగతుల గ్రూపు బీసీ-బి సర్టిఫికెట్ కోసం అప్లై చేస్తే ‘షేక్ అంటే బీసీ-ఈ’ (వెనుకబడిన ముస్లిం వర్గాల గ్రూపు) అని ఫోన్‌కు మెసేజ్ పెట్టి తిప్పి పంపారు. షేక్ అంటే అరబ్బీలో పెద్దమనిషి అని, అది గౌరవ పదమే గానీ కులం కాదని రెండు పేజీలు రాసిచ్చాను, చదవను కూడా చదవలేదు. నాకు బీసీ-బి సర్టిఫికెట్ ఉండేది, ఇల్లు మారినప్పుడు పోయింది, జిరాక్స్ కూడా లేదు. కొందరు బీసీ-ఈ తీసుకోమంటున్నారు, కొందరు గెజిట్లో మా కులానికున్న మరో పేరు నూర్‌బాషా అని ఇంటిపేరు మార్చుకోమంటున్నారు. ఈ అవమానానికి నిద్ర పట్టడం లేదు. మా అన్నయ్య బీసీ-బి కోటాలోనే టీచరై రిటైరయ్యారు, కానీ ఇంటి స్థలం గొడవతో మా మధ్య మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసంతా ఉత్తరం చివర్లో అన్నయ్య గురించి రాసిన వాక్యంలో ఉంది. ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు గానీ, మిమ్మల్ని గట్టెక్కించేది అదొక్కటే. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ రెండు పేజీల సంగతి చూద్దాం.

మీరు రాసిన అర్థం తప్పు కాదు. షేక్ అంటే అరబ్బీలో వయసు మళ్లిన పెద్ద. తర్వాత తెగ పెద్దకీ, గురువుకీ, సూఫీ మార్గం చూపేవాడికీ అదే మాట వాడారు. గల్ఫ్ పాలకులూ షేకులే, కాశ్మీర్ నాయకుడు అబ్దుల్లా గారూ షేకే, కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు చినమౌలానా గారూ షేకే. వీళ్లందరిదీ ఒకే కులం అని ఎవరైనా అంటారా? ఉత్తరాదిలో సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు పెద్ద వర్గాల లెక్క చెబుతారు. మన కోస్తాలో మాత్రం రకరకాల చేతివృత్తుల వాళ్లు షేక్ పెట్టుకున్నారు. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కాబట్టి అది ‘ఎస్‌కే’ అయి పేరు ముందు కూర్చుంది. మీ పంతులు గారు ఎందుకు రాశారో నేను ఊహించగలను. దూదేకుల వాళ్లకున్న మరో పేరు పింజారీ, ఆ మాటను మనవాళ్లు తిట్టుగా వాడతారు కదా. పిల్లాడికి ఆ తిప్పలు ఎందుకని రాసి ఉంటారు.

కానీ ఈ కథంతా తహసీల్దారుకు అనవసరం. ఆయన జాబితా చూస్తారు. బీసీ-బిలో మీ కులం ‘దూదేకుల, లద్దాఫ్, పింజారీ లేదా నూర్‌బాష్’ అని ఉంది. ఇవన్నీ పనిని బట్టి వచ్చిన పేర్లే. నద్దాఫ్ అంటే అరబ్బీలో దూది ఏకేవాడు, మన లద్దాఫ్ దాని రూపమే. పింజారీ మన దూదిపింజకు చుట్టం. నూర్‌బాష్‌ను పారశీలో నేతగాడికి వాడే నూర్‌బాఫ్ అన్న మాటతో ముడిపెడతారు. ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకటి మీ కుటుంబం పాత కాగితం మీద ఎక్కడైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న. కుల ధృవీకరణ పత్రాల మీద 1993లో వచ్చిన చట్టం ప్రకారం నిరూపించుకునే భారం అడిగినవాడిదే. అధికారి వెతికిపెట్టాలని లేదు. అటక మీద విల్లు ఉందని రాశారు. సంతోషం. విల్లు సాక్ష్యం చెప్పదు.

బీసీ-ఈ తీసుకోమని చెప్పినవాళ్లను రెండోసారి సలహా అడగకండి. 2007 చట్టంలో షేక్ అన్న పేరు బీసీ-ఈ కింద ఉన్న మాట నిజమే. సయ్యద్, మొగల్, పఠాన్‌లను అదే చట్టం పక్కన పెట్టింది. ఆఫీసులో వాళ్లు దాన్ని చూసే అన్నారు. కానీ మీరు దూదేకుల అని మీకే తెలుసు, నాకు రాతపూర్వకంగా చెప్పారు కూడా. తెలిసి వేరే కులం పేరుతో సర్టిఫికెట్ తీసుకుంటే అది తప్పుడు సర్టిఫికెట్. దాన్ని ఎప్పుడైనా రద్దు చేయవచ్చు, ఆ 1993 చట్టంలోనే జైలు శిక్ష కూడా ఉంది. అబ్బాయికి ఉద్యోగం వచ్చిన పదేళ్లకు ఎవరో గిట్టనివాడు ఒక అర్జీ పెడితే చాలు. 2017లో జగదీశ్ బలరాం బహీరా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: సర్టిఫికెట్ చెల్లదని తేలితే దానితో వచ్చిన ఉద్యోగమూ నిలవదు, నేను మోసం చేయాలనుకోలేదు అన్నా లాభం లేదు. పైగా బీసీ-ఈ 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చింది. దూదేకుల పేరు 1970 నాటి జాబితా నుంచీ ఉంది, బి గ్రూపుకు 10 శాతం. సొంత ఇల్లు పెట్టుకుని పక్కింటి అరుగు మీద పడుకుంటారా?

గెజిట్ సంగతీ అంతే. గెజిట్ మీ పేరు మారుస్తుంది. మీ నాన్నగారి కులానికి రుజువు కాదు. సర్టిఫికెట్ తిరస్కరించిన రెండు నెలలకే ఇంటిపేరు మార్చుకుంటే విచారణకు వచ్చిన ఏ ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అయినా ముందు దాన్నే అనుమానిస్తాడు. అబ్బాయి టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు అయి అదొక కొత్త టెన్షన్.

ఇప్పుడు మీ అన్నయ్య. ఆయన పేరు ముందు కూడా షేక్ అనే ఉంది, మీ ఇద్దరి పేర్లూ ఒకే పంతులు గారు రాశారు కదా. అదే షేక్‌తో ప్రభుత్వం ఆయనకు బీసీ-బి సర్టిఫికెట్ ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది, రిటైరయ్యేదాకా జీతం ఇచ్చింది. ఇక ‘షేక్ అయితే బీసీ-ఈ’ అన్న అభ్యంతరానికి బలమేముంది? ఆయన సర్వీస్ రిజిస్టరు మొదటి పేజీలో కులం గడి ఉంటుంది. ఆ పేజీ, ఆయన పాత సర్టిఫికెట్ రెండూ నకళ్లు తీసుకోండి. ఆర్టీఐ వేసి లాగేద్దామనుకోకండి, వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడతారు. ఆయన సంతకం కావాలి, అంటే మీరు ఆయన గుమ్మం ఎక్కాలి.

ఆ నకళ్లతో మీ ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని చూపాలి. మీరు చదివిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు నకలు ఇద్దరిదీ హెడ్మాస్టరు సంతకం, సీలుతో తీసుకోండి. తండ్రి పేరులో అక్షరం తేడా ఉందేమో అక్కడే చూసుకోండి. మీ నాన్నగారు ఎప్పుడైనా సెంటు భూమి కొన్నా అమ్మినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ వెతికించండి. పాత దస్తావేజుల్లో ‘ఫలానా వారి కుమారుడు, దూదేకుల, జీవనం పరుపుల కుట్టు’ అని కులం, వృత్తి రాసే అలవాటుండేది. ఈ తగాదా పుట్టక ముందు రాసిన కాగితం కాబట్టి దానికి విలువ ఎక్కువ. మీరు నిన్న రాయించిన నోటరీ అఫిడవిట్ పదింటికన్నా ఆ ఒక్క లైను మేలు.

ఇక గడువు. ఇక్కడ మీకు నాలుగు అక్షింతలు వేయక తప్పదు. ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్‌ను జిరాక్స్ కూడా తీయకుండా పోగొట్టుకున్నారు. తిప్పి పంపినప్పుడు ఆర్డరు కాగితం అడగలేదు, ఫోన్‌కు మెసేజ్ వచ్చిందని సరిపెట్టుకున్నారు. తిరస్కరణ ఆర్డరు అందిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు వేయాలి. కాగితమే అందలేదు కాబట్టి గడువు మొదలు కాలేదని వాదించవచ్చు. నేనైతే కేసును ఆ వాదన మీద నిలబెట్టను. రేపే వెళ్లి కారణాలతో కూడిన ఆర్డరు నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి, అర్జీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆర్డరు చేతికొస్తే ఆ తేదీ నుంచి నెల లోపు అప్పీలు. అసలు ఆర్డరే లేదంటే కొత్త కాగితాలన్నీ జతచేసి మళ్లీ అప్లై చేయండి, ‘తోడబుట్టిన అన్నకు ఇదే ఇంటిపేరుతో బీసీ-బి ఇచ్చారు’ అన్న వాక్యం మొదటి పేరాలోనే ఉండాలి. షేక్ అర్థం మీద వ్యాసం వద్దు. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే కుదరదు. సర్టిఫికెట్ ఏ తేదీ లోపు ఉండాలో అందులోనే రాస్తారు.

ఈ ఆదివారం అబ్బాయిని వెంటబెట్టుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లండి. స్థలం మాట మాత్రం అక్కడ ఎత్తకండి. ఆ తగాదా గురించి నాకు విడిగా రాయండి, ఈసారి దస్తావేజు నకలు జత చేసి.