పాఠకుల ప్రశ్నలు: అమెరికా వంటింట్లో మన సామాను

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చే నెలలో డాలస్ వెళుతున్నాను. ఇక్కడ వాడుతున్న 750 వాట్ల మిక్సీనీ, చిన్న గ్రైండర్‌నూ పట్టుకువెళ్లమని కొందరు, వద్దని కొందరు చెబుతున్నారు. అడాప్టర్ ఉంటే సరిపోతుందా? అల్లుడు ఆఫీసుకు వెళ్లాక అక్కడి పొయ్యి, డిష్‌వాషర్ వగైరాలు నేనొక్కదాన్నే వాడుకోవాలి. ఏ జాగ్రత్తలు అవసరం?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అడాప్టర్ సరిపోదండీ. అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప కరెంటును మార్చదు. మన ఇళ్లలో విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు (అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు) కాగా, అమెరికాలో మామూలు ప్లగ్గులకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. సగం వోల్టేజీతో మన మిక్సీ ఈసురోమంటూ తిరుగుతుంది. నానిన మినప్పప్పు వేస్తే ఆగిపోతుంది. వోల్టేజీని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే పనిచేస్తుంది గాని, మోటారు మొదలయ్యే క్షణంలో కరెంటు ఎక్కువగా లాగుతుంది కనుక 750 వాట్ల మిక్సీకి 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మిక్సీ కంటే బరువు. గ్రైండర్ సంగతి మరీ చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని పెంచగలదు గాని హెర్ట్జ్‌లను మార్చలేదు. గ్రైండర్‌లోని ఇండక్షన్ మోటారు వేగం హెర్ట్జ్‌లను బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ రాళ్లు దాదాపు అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతాయి. రెండింటినీ ఇంట్లోనే ఉంచి వెళ్లండి. అమెరికా కరెంటుకు తగ్గట్టు తయారైన మన మిక్సీలు, గ్రైండర్లు అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి; ఆ బరువుకు కారప్పొడులు పట్టుకెళ్లడం మేలు.

అక్కడ చాలా ఇళ్లలో గాజు పలక గల ఎలక్ట్రిక్ పొయ్యి ఉంటుంది. గ్యాస్ కట్టేస్తే మంట ఆరినట్టు దీని వేడి వెంటనే పోదు. మీట ఆపినా పాలు పొంగుతాయి, కుక్కర్ ఇంకో రెండు కూతలు వేస్తుంది. కనుక గిన్నెను జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టాలి, ఈడిస్తే గాజు గీతలు పడుతుంది. పలక వేడిగా ఉందని తెలిపే దీపం ఆరేదాకా చెయ్యి వేయకండి. అది ఇండక్షన్ పొయ్యి అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకునే గిన్నెలే పనికివస్తాయి. తాలింపు పొగకు అలారం మోగితే కంగారు పడక కిటికీ తెరవండి, బ్యాటరీ మాత్రం తీసేయవద్దు.

డిష్‌వాషర్‌కు దాని పొడిగాని, బిళ్లగాని వేరే ఉంటుంది. చేత్తో తోమే లిక్విడ్ పోస్తే నురుగు వంటగదంతా పారుతుంది. అల్యూమినియం మూకుళ్లు అందులో నల్లబడతాయి, ఇనుప పెనాలు తుప్పు పడతాయి. సింకు కింద చెత్త నలిపే యంత్రం ఉంటే మిగిలిన అన్నం, మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు అందులో వేయకండి. పీచు చుట్టుకుంటుంది, అన్నం ఉబ్బి గొట్టాన్ని మూస్తుంది.

ప్రశ్న: పసిబిడ్డకు నువ్వుల నూనెతో మర్దనా చేస్తున్నాము. ఆ తువ్వాళ్లను ఉతికాక డ్రయ్యర్‌లో ఆరబెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: వద్దు. ఒక్క ఉతుకుతో నూనె పూర్తిగా పోదు. బట్టలో మిగిలిన నూనె డ్రయ్యర్ వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది. బట్టలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక నిప్పు అంటుకోవచ్చు. అపార్ట్‌మెంట్ నియమాలు బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వకపోతే మడత స్టాండు కొని, స్నానాలగదిలో ఫ్యాను వేసి ఆరబెట్టండి. మిగతా బట్టలకు డ్రయ్యర్ వాడే ప్రతిసారీ జల్లెడలో పేరుకున్న నూగును తీసివేయండి.