జేసన్ ఉండగా ఎక్స్‌ఎంఎల్ నేర్చుకోవడం దండగేనా?

రెండూ ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాముకు సమాచారం పంపడానికి దాన్ని ఫైలులో రాసే పద్ధతులే. ఈ ప్రశ్న వేసినవారు ఒకచోటి లెక్కలను మరోచోటికి ఫైలుగా పంపే పని ఇంకా చేసి ఉండరని నా అనుమానం. నేను చేశాను, బెంగళూరు చిక్‌పేటలో. బట్టల టోకు వ్యాపారం చేసే ఒక దుకాణం నుంచి ఊరి అవతల ఉన్న దాని గోదాముకు రోజూ సాయంత్రం ఆర్డర్ల ఫైలు వెళ్లేది. ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరుస. అందులో పేరు, చిరునామా, పిన్‌కోడు, సొమ్ము, వాటి మధ్య కామాలు. చిరునామాలో కామా పెట్టవద్దని టైపు చేసేవారికి గట్టిగా చెప్పి నిశ్చింతగా ఉన్నాము. మెయిన్లు, క్రాసులు, స్టేజీలు, బ్లాకులు లేకుండా చిరునామాయే పూర్తికాని ఊరిలో ఆ కట్టడి ఎన్నాళ్లు నిలుస్తుందని ఎవరమూ ఆలోచించలేదు.

దసరా రద్దీలో కొత్తగా చేరిన కుర్రవాడు "7వ క్రాస్, జయనగర్" అని కొట్టాడు. రెండు కామాలు పెట్టి ఉంటే సొమ్ము గడిలో అక్షరాలు పడి ప్రోగ్రాము ఆగిపోయేది. ఒక్కటే పెట్టడంతో గడులన్నీ ఒక్కొక్కటి పక్కకు జరిగి, సొమ్ము ఉండవలసిన చోట పిన్‌కోడు కూర్చుంది. అవీ అంకెలే కనుక ప్రోగ్రాముకు అనుమానం రాలేదు. 42,000 రూపాయల సరుకుకు 5,60,011 రూపాయల బిల్లు అచ్చయింది. జయనగర్‌లో చిన్న చీరల కొట్టు నడిపే ఆ తెలుగావిడ ఫోను చేసి, "ఏమండీ, చీరలతో పాటు మీ దుకాణం కూడా నాకే అమ్మేశారా?" అని అడిగారు.

చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సరిపోయేది కదా అంటారు. నిజమే, ఇలా కామాలతో విడదీసే ఫైళ్ల పద్ధతిని వివరిస్తూ 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం అదే చెబుతుంది. అయితే ఆ పత్రం ఒకటి ఉందని ఫైలు తయారుచేసేవారికి తెలియాలి కదా.

ఆ తరువాత మేము ఎక్స్‌ఎంఎల్‌కు మారాము. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 1998లో ఖరారు చేసిన ఈ పద్ధతిలో ప్రతి విలువకూ ముందొక పేరు, వెనకొక పేరు (వీటినే ట్యాగులంటారు) ఉంటాయి కనుక కామాలు ఎన్ని ఉన్నా పిన్‌కోడు సొమ్ము కాలేదు. మొదటి వారంలోనే ఒక ఖాతాదారు పేరులోని "అండ్ సన్స్"లో "అండ్"కు బదులు & గుర్తును నేరుగా వాడినందుకు ఫైలు మొత్తం తిరిగి వచ్చింది; ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది, దాన్ని & అని రాయాలి. గోదాము మేనేజరు మండిపడ్డారు, నేను మాత్రం సంతోషించాను: తప్పుడు ఫైలు గడప దగ్గరే ఆగింది, బిల్లుగా మారి కొట్టుదాకా పోలేదు. తేదీల గొడవ కూడా అలాగే తీరింది. 04/03 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో తేల్చుకోలేక మేము పోగొట్టుకున్న సాయంత్రాలకు లెక్క లేదు. స్కీమాలో, అంటే ఏ గడిలో ఎలాంటి విలువ ఉండాలో చెప్పే నియమాల ఫైలులో, తేదీ రకం అని రాస్తే సంవత్సరం ముందు రావలసిందే.

జేసన్‌తో నాకు పేచీ లేదు. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ జేసన్‌లోనే వెళుతుంది, చక్కగా పనిచేస్తుంది. అయితే దానికీ ఒక స్కీమా ప్రకటించి అందరిచేతా పాటింపజేస్తున్నారు కనుకనే. స్కీమా లేని జేసన్‌లో ఒకరు "పిన్" అని, మరొకరు "పిన్‌కోడ్" అని రాసుకుని, నెల తరువాత ఒకరినొకరు తిట్టుకోవడం నేను చూశాను.

కనుక ట్యాగులకు ఒక పూట, స్కీమా రాయడానికి ఒక వారం కేటాయించండి. ఒకే పేరున్న ట్యాగులు కలిసిపోకుండా వేరుచేసే నేమ్‌స్పేసుల దగ్గర విసుగు వస్తుంది. నాకు ఇప్పటికీ వస్తుంది.