‘నేను చూసుకుంటాలే’ అన్న మాట

ప్రశ్న: డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్‌కి విద్యార్థి నాయకురాలిని. నెల క్రితం దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పెట్టాం. మూడో రోజు జరగాల్సిన వైద్య శిబిరాన్ని రెండో రోజుకే మార్చాం. ఊళ్లో మైకులో చెప్పించాను గానీ, డాక్టరుగారికి చెప్పడం మర్చిపోయాను. ముసలివాళ్లు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా బడి వరండాలో కూర్చుని, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. సార్ అందరి ముందూ కోప్పడ్డారు. ‘అన్నీ నువ్వే చేశావుగా’ అని స్నేహితులు దెప్పుతున్నారు. నాన్న గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో బ్యాంకు పని నుంచి తమ్ముడి ఫీజు దాకా చూసేది నేనే, ఎప్పుడూ ఇలా కాలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ‘ఆ పదవి వదిలేసి చదువుకో’ అంటోంది అమ్మ. వదిలేయనా?
- పేరు వద్దన్న పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: మా అమ్మాయి వయసుదానివి, ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ఏమనుకోకు.

నీ మూడు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో ‘నేను చూసుకుంటాలే’ అన్న మాట ఐదు చోట్ల ఉంది. సార్‌తో ఒకసారి, వంట దగ్గర ఒకసారి, అమ్మతో రెండుసార్లు. ఐదోది, డాక్టరుగారితో తను మాట్లాడతానని అడిగిన స్నేహితురాలితో. ఫోన్ చేయడం మర్చిపోవడం తప్పే, కాదనను. కానీ మరుపు ఎవరికైనా వస్తుంది. యాభై మంది వాలంటీర్లున్న చోట, ఆ మరుపును పట్టుకోగలిగిన మనిషి ఒక్కరూ లేకుండా చేసుకున్నావు. ఫోన్ చేయాల్సింది నువ్వేనన్న సంగతి కూడా నీకూ, నువ్వు వద్దన్న ఆ స్నేహితురాలికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంక నీకు గుర్తు చేసేదెవరు?

ఈ అలవాటు కాలేజీలో పుట్టింది కాదు. నాన్న వెళ్లేనాటికి నీకు పదకొండేళ్లని రాశావు. ఆ వయసు నుంచే, నువ్వు మర్చిపోతే ఆ పని ఇంట్లో ఆగిపోయేది. ఎవరి మీదా వదలకపోవడమే జాగ్రత్త అని నేర్చుకున్నావు. ఆ జాగ్రత్తే ఇల్లు నడిపింది, దాన్ని తక్కువ చేయను. కానీ ముగ్గురున్న ఇంటికి పనికొచ్చిన పద్ధతి యాభై మంది శిబిరానికి చాలదు.

మన పెళ్లిళ్లు చూశావుగా. సామాన్ల గది తాళంచెవి పిన్ని కొంగుకి ఉంటుంది. కూరగాయల డబ్బు మేనమామ జేబులో, విడిది సంగతి బాబాయి చేతిలో. పెళ్లికూతురి తండ్రి వచ్చినవాళ్లని పలకరిస్తూ తిరుగుతుంటాడు. తాళం ఇచ్చేశాడు కాబట్టే తిరగగలుగుతున్నాడు. నువ్వు పని చెప్పావు గానీ తాళం ఇవ్వలేదు. వంట బాధ్యత ఒక అబ్బాయికి అప్పగించానన్నావు. డబ్బు నీ దగ్గరే ఉంచుకున్నావు, ఏం కొనాలో నువ్వే చెప్పావు, చారులో ఉప్పు కూడా నువ్వే చూశావు. అతను క్రికెట్‌కి వెళ్లిపోయాడని కోపం. నాకైతే ఆ అబ్బాయిని ఏమీ అనబుద్ధి కాలేదు!

నేనూ ఈ బాపతే. డిగ్రీలో హాస్టల్ మెస్ సెక్రటరీగా లెక్కల పుస్తకం ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఒక నెల పాల బిల్లు రెండుసార్లు కట్టేశాను. కనిపెట్టింది లెక్కల పేపరు తప్పిన జూనియర్ అమ్మాయి.

సరే, ఇప్పుడేం చేయాలి? ముందు ఆ ఊరికి వెళ్లు. నెల దాటినా ఫర్వాలేదు. సర్పంచ్‌నీ, అక్కడి ఆశా కార్యకర్తనీ కలిసి, ఆ రోజు వచ్చిన పెద్దవాళ్లలో కొందరి ఇళ్లకైనా వెళ్లు. ‘డాక్టరుగారికి చెప్పాల్సింది నేనే, మర్చిపోయాను’ అను. తేదీ ఎందుకు మారిందో ఆ కథంతా చెప్పకు, అంతసేపు కూర్చున్నవాళ్లకి అది అనవసరం. సార్‌ని విడిగా కలువు. అందరి ముందూ కోప్పడటం నాకూ నచ్చలేదు. కానీ ఆ యూనిట్‌కి ప్రోగ్రామ్ ఆఫీసర్ ఆయన, ప్రిన్సిపల్‌కీ ఊరికీ జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే. మళ్లీ ఒక్క రోజు వైద్య శిబిరం పెడతామని అడుగు.

అది నువ్వు చేయకు. స్నేహితురాలి వాళ్లమ్మ ఆశా కార్యకర్త అని నువ్వే రాశావు. పీహెచ్‌సీలో ఎవరిని ఎప్పుడు అడగాలో ఆ అమ్మాయికే బాగా తెలుసు. ‘అప్పుడు నీ మాట వినాల్సింది, ఈసారి నువ్వు చూస్తావా?’ అని అడుగు. డాక్టరుగారి నంబరు, ఖర్చు డబ్బు, తేదీ మార్చే అధికారం, మూడూ ఆమె చేతికివ్వు. రోజూ సాయంత్రం పది నిమిషాలు అందరూ కూర్చోండి. ఇవాళ ఏం మారింది, అది ఎవరికి తెలియాలి? ఈ రెండు ప్రశ్నలు చాలు. ఆ రోజు ఎవరైనా రెండో ప్రశ్న అడిగుంటే డాక్టరుగారు వచ్చేవారు. మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేసి అడగాలని ప్రాణం కొట్టుకుంటుంది, ఆపుకో. బ్యానరు వంకరగా కడితే కట్టనీ. ఎన్‌ఎస్‌ఎస్ నినాదం ‘నాట్ మీ, బట్ యూ’ కదా. ఆ ‘నువ్వు’ అంటే ఊరివాళ్లే అనుకున్నావు, పక్కన నిలబడ్డ స్నేహితురాలు కూడా అందులోనే ఉంది.

పదవి సంగతి. వదిలేస్తే ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్ పోతుందనే భయం వద్దు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం, చూసేది ఇవే. నాయకురాలివా కాదా అన్నది లెక్కలోకి రాదు. నన్నడిగితే ఇప్పుడే వదలకు. ఆ శిబిరం జరిగాక రెండో ఏడాది వాళ్లలో ఒకరికి పని నేర్పి, పరీక్షల ముందు అప్పగించు. అమ్మ కోరికా తీరుతుంది.

ఇంట్లో కూడా తాళాలు కొన్ని ఇవ్వాలి. ఇంటర్ చదివే తమ్ముడు తన ఫీజు తనే కట్టి రసీదు తెచ్చుకోగలడు. బ్యాంకులో అమ్మ పక్కన కూర్చో, ఫారం ఆమెనే నింపనీ.

నెల రోజులుగా నిద్ర లేదంటే తేలిగ్గా తీసుకోకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గర్లోని డాక్టరుకీ చూపించుకో. ఈ ఒక్క పనీ ఎవరికీ అప్పగించకుండా నువ్వే చెయ్యి.

ఈ గొడవేదీ నాన్నకి చెప్పలేదని చివర్లో రాశావు. ఆయన టెన్షన్ పడతారని నీ భయం. ఈసారి వీడియో కాల్‌లో అమ్మ లేనప్పుడు చెప్పు. అక్కడికి వెళ్లిన కొత్తలో ఆయన పనిలో ఏం పొరపాట్లు చేశారో, అప్పుడు పక్కన ఎవరున్నారో కూడా అడుగు. ఇన్నేళ్లలో అది నీకు చెప్పి ఉండరు.