కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టు

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. సియాచిన్ మంచుకొండల్లో కాపలా కాసొచ్చిన మీ పెదనాన్నని చూసి నువ్వు రాసిన జవాన్ల కథ చేరింది. మూడో పేజీకే విసుగొచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీశాను గనక పద్నాలుగో పేజీ దాకా వెళ్లగలిగాను. అక్కడ ఒక వాక్యం ఉంది: "పెదనాన్న రోజూ పడుకునే ముందు మంచం పట్టీ మీద కూర్చుని కాలివేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటాడు." అది రాసిన వెంటనే నువ్వు సోంపేట కొబ్బరితోటల మీది వెన్నెల్లోకి వెళ్లిపోయావు. ఆ వేళ్లని అలా వదిలేసి పోవడానికి నీకు మనసెలా ఒప్పిందమ్మా? మిగతా ఇరవై ఒక్క పేజీల్లో ఎక్కడా లేని సియాచిన్ ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఆయన అలా ఎందుకు చేస్తాడో నువ్వు అడగలేదు. అడిగి ఉంటే కథ అక్కడే మొదలయ్యేది.

సియాచిన్ పై పోస్టుల్లో, అంటే కాపలా స్థావరాల్లో, కాళ్ల తనిఖీ అని ఒక పని ఉంటుంది. జవాన్లని ఇద్దరిద్దరిని జోడీ కడతారు, బడ్డీ అంటారు. ఒకడి కాళ్లు ఇంకొకడు చూడాలి. మంచుకాటు మొదట చురుక్కుమంటుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత ఏమీ తెలీదు. నొప్పి తగ్గిందని మనిషి ఊపిరి పీల్చుకునే వేళకే వేలు చచ్చిపోతూ ఉంటుంది. చర్మం మైనంలా తెల్లబడుతుంది, గట్టిపడుతుంది, నొక్కి వదిలితే రంగు తిరిగి రాదు. నొక్కి చూడడం అందుకు. అలా కనబడితే మంచుతో రుద్దకూడదు. పొయ్యి దగ్గర పెట్టకూడదు, స్పర్శ లేని కాలు కాలిపోతున్నా తెలీదు గనక. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టడం సరైన వైద్యమే గానీ, మళ్లీ గడ్డకట్టదని నమ్మకం ఉన్నచోటే అది చెయ్యాలి. కరిగిన వేలు రెండోసారి గడ్డకడితే మొదటిసారి కంటే ఎక్కువ పోతుంది. పోస్టులో ఆ నమ్మకం ఎవరికి ఉంటుంది? అందుకని బడ్డీ తన కోటు గుండీలు తీసి, ఎదుటివాడి పాదాలు తన పొట్టకి ఆనించుకుని మళ్లీ కోటు కప్పేస్తాడు. లేదా చంకలో పెట్టుకుంటాడు.

ఒక మగవాడి పాదాలు ఇంకో మగవాడి పొట్టమీద. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని నువ్వు వెన్నెల రాశావు.

ఇంకో సంగతి. మంచుకాటు ఉత్త చలివల్లే వస్తుందనుకోకు. చెమట దాని తల్లి. బరువు మోసుకుని ఎక్కినప్పుడు మేజోళ్లు చెమటకి తడుస్తాయి, ఆగగానే ఆ తడి గడ్డకడుతుంది. చలేస్తోందని మూడేసి జతలు తొడిగి బూటు బిగించేవాడికి రక్తం వేళ్లదాకా పోక ఇంకా ముందే కాటు తగులుతుంది. అందుకే పొడి మేజోళ్ల జత ఒకటి ఎప్పుడూ లోపలి చొక్కాలో, రొమ్ముకి ఆనించి ఉంటుంది. ఒంటి వేడికి ఆరుతుంది. మీ పెదనాన్నకి ఇప్పటికీ ఆ అలవాటు ఉందేమో చూడు.

నువ్వు అడిగినవాటిలో ఒక్కదానికి జవాబు చెబుతాను. "అంత బాధని ఎలా వర్ణించాలి?" అన్నావు. వర్ణించకు. పని రాయి. మిలట్రీ నుంచి వచ్చినవాణ్ణి మనసు గురించి అడిగితే జెండా పండగ ఉపన్యాసం చెప్పి లేచిపోతాడు. పని గురించి అడిగితే చేతులు కదుపుతూ చెబుతాడు, ఆ కదలికలో ఆయన దాచుకున్నదంతా బయటికొస్తుంది. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

పని తెలీకపోతే ఏమవుతుందో నీ నాలుగో పేజీ చూడు. నీ జవాన్లు 20,000 అడుగుల మీద మూతలేని గిన్నెలో అన్నం వండారు, పది నిమిషాల్లో ఉడికిపోయింది. పొగలు కక్కే టీకి నాలుక కాలింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన భావనపాడు ఒడ్డున ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు, అందుకని నీళ్లు 80 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎసరు తెర్లుతూనే ఉంటుంది, మెతుకు మాత్రం పలుకు పలుకే. పప్పు సంగతి చెప్పక్కర్లేదు. కుక్కర్ ఉంటేనే అన్నం. ఆ కుక్కర్ మూతకుండే రబ్బరు చలికి కర్రలా బిగుసుకుంటుంది, మూత సరిగా కూర్చోదు, ఆవిరి పక్కల నుంచి పోతుంది. ముందు దాన్ని వెచ్చబెట్టుకుని తొడగాలి.

అసలు ఎసరుకి నీళ్లెక్కడివి? మంచు కరిగించాలి. గిన్నె నిండా పొడి మంచు కూరి స్టవ్ మీద పెడితే అడుగు మాడుతుంది, నీళ్లకి మాడు వాసన పడుతుంది. అడుగున కాసిన్ని నీళ్లు ముందు పోసి, అవి వేడెక్కాక కొంచెం కొంచెంగా మంచు వెయ్యాలి. కొత్తగా కురిసిన మంచు పది గిన్నెలు కరిగిస్తే ఒక గిన్నె నీళ్లొస్తాయి. గట్టి ఐసు గడ్డ దొరికితే చాలా నయం. దానికి కిరసనాయిలు కావాలి, ఆ కిరసనాయిలు జెర్రీకేన్లలో చీతా హెలికాప్టర్ మీదో, మనిషి వీపు మీదో రావాలి. అన్నిటికంటే పైనున్న పోస్టులకి చీతా ఒక్కో విడత మోయగలిగేది కొద్ది కిలోలే. అంటే ఒక గ్లాసు నీళ్ల వెనక ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. మన చోడంబలి తాగి పెరిగిన మనిషి ఆ గ్లాసు పట్టుకుని ఏమనుకున్నాడో నువ్వు చెప్పనక్కర్లేదు, గ్లాసు ఎలా నిండిందో చెబితే చాలు.

ఆ స్టవ్ రాత్రీ పగలూ మండుతుంది. ఫైబర్ గుడిసె లోపల గోడలకి, దుప్పట్లకి, ముక్కులకి మసి. ఉమ్మితే నల్లగా పడుతుంది. చలికి భయపడి గాలి సందులన్నీ మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండి నిద్రలోనే ప్రాణం పోతుంది. సందు తెరిస్తే చలి, మూస్తే విషం. ఇంక మంచు తుఫాను పట్టిందంటే గుడిసె పూడిపోకుండా వంతులు వేసుకుని రాత్రంతా పారలతో ఎత్తిపోస్తూనే ఉండాలి. "హిమపాతం సింహంలా గర్జించింది" అని రాశావు. ఆ సింహాన్ని తీసేసి పార పెట్టు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి 19 మద్రాస్ అనే బెటాలియన్ జవాన్లు పదిమంది పూడిపోయారు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కడే ప్రాణంతో దొరికాడు, 11న ఆయనా పోయాడు. ఈ సంగతికి ఏ ఉపమానం కావాలి?

ఆరో పేజీ ఇంకా నన్ను బాధపెట్టింది. సెలవయ్యాక నీ నాయకుడు పలాసలో రైలెక్కాడు, ఒక పేరా తర్వాత పోస్టులో కాపలా కాస్తున్నాడు. సముద్రం ఒడ్డు నుంచి వెళ్లినవాణ్ణి అలా పైకి పంపితే చచ్చిపోతాడు. దారిలో లడఖ్‌లోని లేహ్ ఊరే దగ్గర దగ్గర 11,500 అడుగుల ఎత్తు. అక్కడ మొదటి మెట్టు ఆరు రోజులు, అందులో మొదటి రెండు రోజులూ ఉత్త విశ్రాంతి, తర్వాత నెమ్మది నడక. 12,000 దాటాక రెండో మెట్టు నాలుగు రోజులు, 15,000 దాటాక మూడో మెట్టు ఇంకో నాలుగు. ఏడాదిగా అక్కడే ఉన్న మొనగాడైనా సరే, సెలవుకి కిందికొచ్చి వెళ్తే మళ్లీ మొదట్నుంచీ అలవాటు పడాల్సిందే. లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మామూలుగా దగ్గుతో మొదలవుతుంది, రాత్రిపూట ముదురుతుంది, కూర్చున్నా ఆయాసమే, చివరికి గులాబీరంగు నురగ. ఆక్సిజన్, మందులు కాసేపు నిలబెడతాయి, కిందికి దింపడమే అసలు మందు. దింపాల్సిన రాత్రి తుఫాను ఉంటే? కథ అక్కడ ఉంది, రైలు కిటికీలోంచి చెయ్యి ఊపడంలో కాదు.

అలాగే నీ నాయకుడు మిట్టమధ్యాహ్నం ఒంటరిగా గ్లేసియర్, అదే ఆ మంచునది, దాటాడు. దాటరు. రాత్రిగానీ తెల్లారగట్లగానీ నడుస్తారు, అప్పుడు మంచు గట్టిగా ఉంటుంది. ఎండెక్కితే పగుళ్ల మీద కప్పుకున్న మంచు మెత్తబడి కాలు దిగిపోతుంది. అందరూ ఒకే తాడుకి కట్టుకుని, ముందువాడు పొడిచి చూసుకుంటూ వెళ్తాడు. తాడు నేలకి వేలాడకూడదు. వదులుగా ఉంటే పడినవాడు అంత లోతుకి పోతాడు, ఆ ఊపుకి వెనకవాణ్ణీ లాగేస్తాడు. ఒకడు పడగానే మిగతావాళ్లు బోర్లా పడి ఐస్ యాక్స్ మంచులో దిగ్గొట్టాలి. పరిగెత్తుకెళ్లి పగులు అంచున తొంగిచూసేవాళ్లు సినిమాల్లో ఉంటారు.

తేదీలు కూడా సరిచూసుకో. నీ కథలో 2010లో రాత్రిపూట ఫిరంగులు పేలాయి. అక్కడ 2003 నవంబర్ 25 అర్ధరాత్రి నుంచి కాల్పుల విరమణ ఉంది. మన సైన్యం 1984 ఏప్రిల్ 13న సియాచిన్ పక్కనున్న సాల్తోరో శిఖరాల మీదికి ఎక్కింది. కార్గిల్ యుద్ధం 1999 సంగతి. రెండింటినీ ఒకే పేరాలో కలిపి వండేశావు. మీ పెదనాన్న ఏ సంవత్సరాల్లో పైన ఉన్నాడో దాన్నిబట్టి ఆయన విన్న చప్పుళ్లు మారిపోతాయి. కాల్పులు ఆగాక అక్కడ మనిషిని చంపేది కొండ ఒక్కటే. అంతకుముందు కూడా తూటాలకి పోయినవాళ్ల కంటే చలికీ ఎత్తుకీ పోయినవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు భాష. నీ ముగ్గురు మాజీ సైనికులూ రావిచెట్టు కింద కూర్చుని "మాతృభూమి కోసం ప్రాణాలు తృణప్రాయంగా భావించాం" అని మాట్లాడుకున్నారు. సోంపేటలో ఎవరమ్మా అలా మాట్లాడేది? "ఏటి సెప్పమంతావు, సలికి ముక్కు ఉందో నేదో తెల్దు" అంటాడు మన మనిషి. మధ్యలో లంగరు (వంటశాల), ఛుట్టీ (సెలవు), సాబ్ అని మిలట్రీ హిందీ దొర్లుతుంది. పదిహేడేళ్ల నౌకరీ నాలుక మీద వేసిన ముద్ర అది. దాన్ని చెరపకు. ఈ విషయంలో నాకు సంపాదకుల మీద పాత కోపం ఉంది, దాచుకోను. మన "ఏటి"ని "ఏమిటి" చేసి అచ్చేసినవాళ్లున్నారు, అడిగితే "మిగతా జిల్లాలవాళ్లకి అర్థం కావాలి కదా" అన్నారు. ఆగస్టు 15 ప్రత్యేక సంచికకి సైనికుడి కథ కావాలంటారు, అందులో సైనికుడు చచ్చిపోవాలంటారు, పన్నెండు వందల మాటలు దాటకూడదంటారు. బతికొచ్చి కొబ్బరితోటకి నీళ్లు కట్టుకుంటున్నవాడి కథ ఎవరికీ అక్కర్లేదు. నీ కథలో ఆ అచ్చు కోసం రాసిన వాసన ఉంది. మొదటి మూడు పేజీల దేశభక్తి అంతా ఆ వాసనే. ఉద్దానం కుర్రాళ్లు తెల్లారకముందు రోడ్డు మీద పరుగు ఎందుకు తీస్తారో, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ భర్తీ ర్యాలీ రోజున తొమ్మిది అడుగుల గొయ్యి దూకలేక ఎలా తిరిగొస్తారో నీకు నాకంటే బాగా తెలుసు. అది రాస్తే దేశభక్తి దానంతట అదే కనబడుతుంది.

నీ ముగ్గురూ అన్నిటికీ ఔనంటే ఔనంటున్నారు, అదీ అబద్ధమే. అంత ఎత్తులో నెలలు గడిపితే ఆకలి చస్తుంది, నిద్ర చెడుతుంది, మతిమరుపు వస్తుంది. నిద్రలో పక్కవాడి ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి మళ్లీ ఒక్కసారిగా అందుకుంటుంది, ఆ ఆగిన కాసేపూ మెలకువగా ఉన్నవాడు లెక్కపెడుతూ ఉంటాడు. అలాంటి రాత్రుల్ని ఇన్నేళ్ల తర్వాత ముగ్గురూ ఒకేలా గుర్తుపెట్టుకోరు. కేన్లు ఎన్నని ఒకడంటే కాదని ఇంకొకడంటాడు. ఆ తగువు ఉన్నదున్నట్టు రాసుకో, ఎవరిది నిజమో తేల్చకు.

అడిగేటప్పుడు "భయమేసిందా?" అనకు. తెల్లారి స్టవ్ ఎవరు వెలిగించేవారు? హెలికాప్టర్ దిగగానే ముందు ఏం దింపేవారు, ఉత్తరాల సంచీయా, కిరసనాయిలా? బేస్ క్యాంపులో జవాన్లు తమని కాపాడతాడని కొలిచే ఓపీ బాబా గుడి దగ్గర పైకెళ్లేముందు ఏమని రిపోర్టు చేసేవారు? తుపాకీని వెచ్చటి గుడిసెలోకి ఎందుకు తెచ్చేవారు కాదు? ఈ చివరిది తప్పకుండా అడుగు. లోపలికి తెస్తే ఇనుము మీద చెమ్మ పడుతుంది, బయటికి తీసుకెళ్లగానే అది గడ్డకట్టి తుపాకీ పట్టేస్తుంది. ఆయన చెప్పేదాకా నువ్వు చెప్పకు. పోస్టు ఎక్కడుందో, ఎంతమంది ఉండేవారో చెప్పనంటే వదిలెయ్యి, బలవంతపెట్టకు.

పదహారో పేజీలో గ్లౌజులు తీసేసి గంటసేపు ఇంటికి ఉత్తరం రాయించావు. ఆ చలికి బాల్‌పెన్ను సిరా కదలదు, పెన్సిలే గతి. వేళ్లు రెండు మూడు వాక్యాలకే మొద్దుబారతాయి. అందుకే 56 ఏపీఓ అనే సైనిక తపాలా ముద్రతో వచ్చిన ఉత్తరాలు అంత పొట్టిగా ఉండేవి. "నేను కులాసా, మీరు కులాసా అని తలుస్తాను" అని ఊరుకున్నందుకు మీ పెద్దమ్మ ఆయన్ని ఎన్నాళ్లు తప్పుపట్టిందో కనుక్కో. ఆ ఉత్తరాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండే ఉంటాయి, వెతుకు.

ఈ ప్రతిని సరిదిద్దే పని పెట్టుకోకు, పక్కన పడెయ్యి. వచ్చే ఆదివారం సోంపేట వెళ్లు. రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం పట్టీ మీద కూర్చునే వేళకి పక్కన చేరి, బడ్డీ ఎవరు, ఏ ఊరివాడు, అతని కాళ్లు ఎలా చూసేవాడివి పెదనాన్నా అని అడుగు. నోటుపుస్తకం తెరవకు. ఇలాగ చూసేవాణ్ణని చూపించడానికి నీ కాలు ఇమ్మంటాడు. ఇయ్యి.

ఆశీస్సులతో,
మీ జిల్లా పెద్దవాడు