మీ ఉత్తరాలు: నాయిన మోసిన రాయి, అమ్మ వెతికిన పేరు

ఈ నెల ఉత్తరాలు చాలా వచ్చాయి. అన్నింటికీ చోటు చాలదు, ఐదింటికి జవాబు రాస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల తప్పకుండా రాస్తాను.

ప్రశ్న: మీ ప్రతి కథలో నాగార్జునసాగర్ ఏదో ఒక మూల కనిపిస్తుంది. ఎందుకండీ?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

మా నాయిన దాన్ని కట్టాడు కాబట్టి అమ్మా. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు, ఈ రెండూ పుస్తకాల్లో ఉంటాయి. ఆ రెండు తేదీల మధ్య దేవరకొండ పక్కన మా ఊరి నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వెళ్లి మూడేళ్లు రాళ్లు మోసి వచ్చిన నాయిన గురించి ఎక్కడా ఉండదు. అప్పుడు దేశంలో సిమెంటుకు కొరత, పనిచేసే చేతులకు మాత్రం కొరత లేదు, అందుకే 124 మీటర్ల ఎత్తు డ్యామ్‌ను రాతితో లేపారు. అంటే వేలమంది భుజాల మీదుగా లేచింది.

నా చిన్నప్పుడు నాయిన బావి దగ్గర స్నానం చేస్తుంటే వీపు మీద నీళ్లు పోయడం నా పని. కుడి భుజం మీద అరచేయంత మేర కాయ కాసి ఉండేది, చింతగింజ రంగులో, నున్నగా. నొప్పి లేస్తదా అని వేలితో నొక్కి చూసేవాణ్ని. "గది నాది కాదు బిడ్డా, సాగర్‌ది" అనేవాడు.

ఆ నీళ్లు మా ఊరికి రాలేదు. ఎడమ కాలువ మీ వైపు పోయింది, మాది ఎత్తు మీది ఊరు, మేం ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగాం. మా మేనత్తకు నలభై ఏళ్లకే నడుం వంగిపోయింది. అయినా వానాకాలంలో గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు నాయిన బస్సెక్కి వెళ్లేవాడు, 26 గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కపెట్టుకుని వచ్చి మా అందరికీ చెప్పేవాడు, ఆ రోజు అన్నం కూడా ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. మీ పొలాల్లో వరి చూసినప్పుడు నాకు ఆ భుజం గుర్తొస్తుంది. అందుకే కథల్లోకి వస్తుంది.

ప్రశ్న: మీరు క్రికెట్ చూడరా? ఎప్పుడూ రాయరు.
— ఒక విద్యార్థి, జడ్చర్ల

చూస్తాను తమ్ముడూ. 1983 జూన్ 25న మనవాళ్లు 183 పరుగులకే ఔటై కూడా వెస్టిండీస్‌ను 140కి ఆపేసిన రాత్రి నేను పదమూడేళ్ల వాణ్ని, మా ఊరి టైలర్ షాపు ముందు రేడియో దగ్గర కూర్చున్నాను. ఇంగ్లిష్ కామెంటరీ సగం కూడా అర్థం కాలేదు, అరుపులను బట్టి వికెట్ పడిందని తెలుసుకునేవాళ్లం. క్రికెట్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు రాయాలనిపించేది కబడ్డీ గురించి, దానికీ ఒక ఉత్తరం వచ్చింది.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. కబడ్డీలో జిల్లా జట్టుకు సెలక్ట్ అయింది. మా అత్తగారు, మా ఆయన వద్దంటున్నారు, దెబ్బలు తగిలితే రేపు పెళ్లి ఎట్లా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, నాగర్‌కర్నూల్ జిల్లా

పంపించండి అమ్మా. మీ ఆయనతో నేను మాట్లాడినా సరే, పంపించండి.

మా అమ్మాయి కూడా ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడింది. మోకాళ్ల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, మా అమ్మ ప్రతి సాయంత్రం పసుపు నూనె పెట్టుకుంటూ తిట్టేది, తిట్టుకుంటూనే పెట్టేది. ఎదుటి కోర్టులో ఏడుగురు కాచుకుని ఉంటే ముప్పై సెకన్లు ఒక్కతే లోపలికి వెళ్లి, ఊపిరి బిగబట్టి, ఒకరిని తాకి గీత దాటి రావాలి. అది నేర్చుకున్న పిల్ల రేపు ఆఫీసులో అయినా అత్తింట్లో అయినా ఎవరి ముందూ నోరు పెగలక నిలబడదు, ఇది నా కళ్లతో చూసి చెప్తున్న మాట. ఆసియా క్రీడల్లో 2010లో మహిళల కబడ్డీ పెట్టినప్పుడు మన ఆడపిల్లలే బంగారం తెచ్చారు, 2014లో తెచ్చారు, 2018లో ఇరాన్ చేతిలో ఓడి, 2023లో మళ్లీ గెలుచుకున్నారు. వాళ్లలో ఎంతోమంది మన పల్లెల్లాంటి పల్లెల నుంచే వచ్చారు.

రెండు మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. పాపకు రక్తం ఎంత ఉందో ఒకసారి పరీక్ష చేయించండి, మన దగ్గర ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, కొంచెం బెల్లం ఇవ్వండి, నెలసరి రోజుల్లో పొట్ట నొప్పి ఎక్కువుంటే పీఈటీ సారుకు చెప్పడానికి సిగ్గుపడొద్దని నేర్పండి. ఇంకొకటి, సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. మా అమ్మాయి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది, దాన్ని దిద్దించడానికి మూడు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాం, ఈలోపు కాలేజీలో స్పోర్ట్స్ కోటా గడువు దాటిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

ప్రశ్న: నల్లగొండలో రోజూ పొద్దున కూడళ్లలో జనగణమన వేస్తున్నారు. బండి ఆపి నిలబడితేనే దేశభక్తి ఉన్నట్టా?
— ఒక ఉద్యోగి, సూర్యాపేట

2021 జనవరిలో అది మొదలైన కొత్తలో నాయినను కంటి డాక్టర్‌కు చూపించడానికి నల్లగొండ తీసుకెళ్లాను. 8:30కి మైకులో పాట మొదలైంది. ఆటోలు, పాల బండి, స్కూల్ పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. నాయిన నా భుజం పట్టుకుని బండి దిగి, తలపాగా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు, డెబ్బై ఏడేళ్ల మనిషి. నాకు గొంతు పూడుకుపోయింది. కాబట్టి నిలబడటం ఉత్తుత్తిది అని నేను అనలేను, ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా.

మీ సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. ఆయన పేరు వింటే మన రెండు జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా మాట ఆగిపోతుంది. అదే కళ్లతో ఇంకొకరినీ చూడమంటాను. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. పంజాబ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, కశ్మీర్ నుంచి, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు తవ్వుతున్నది ఎవరి కోసం? శ్రీశైలం నీళ్లు మన నల్లగొండకు తేవడం కోసం. పాలమూరు మనుషులు బొంబాయికి, పుణేకి పోయి తట్టలు మోసినట్టే వాళ్లు మన దగ్గరికి వచ్చారు. ఆ 52 సెకన్లు నిలబడినప్పుడు నేను వాళ్లను తలుచుకుంటాను. మీరు ఎవరిని తలుచుకుంటారో మీ ఇష్టం, కానీ నిలబడండి.

ప్రశ్న: కవితల పుస్తకం వేయాలనుకుంటున్నాను. ఎన్ని కాపీలు వేయాలి? మన ప్రాంతం కవిత్వం ఎవరైనా చదువుతారా?
— ఒక కవి, వనపర్తి

రెండో ప్రశ్నకు మీ పక్క మనిషే ఎప్పుడో జవాబిచ్చారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగకుండా 354 మంది కవులను వెతికి పట్టుకుని 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు.

ఇక లెక్క. డిమ్మీ సైజులో ఒక ఫారానికి 16 పేజీలు, కవిత్వానికి ఆరు ఫారాలు, అంటే 96 పేజీలు సరిపోతాయి. మొదట 200 కాపీలు డిజిటల్‌లో వేయండి, అవి కదిలితే ఆఫ్‌సెట్‌కు వెళ్లండి. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబర్ ఉచితమే, దానికి డబ్బులు అడిగితే ఇవ్వకండి. డీటీపీలో వాడే అను ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మారిస్తే వత్తులు చెదిరిపోతాయి, అందుకని ప్రూఫ్ కాగితం మీదే చూడండి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. అమ్మకానికి ఇస్తే రసీదు తీసుకోండి. నా మొదటి పుస్తకం 1998లో వెయ్యి కాపీలు వేశాను, ఒకాయన 200 తీసుకెళ్లి ఇప్పటికీ రూపాయి ఇవ్వలేదు.

మిగిలినవాటిని మా అమ్మ పాత చీరలో మూట కట్టి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి మరీ ఇచ్చింది. చదువు రాని మనిషి. మొదటి కాపీ చేతికిచ్చినప్పుడు "ఏడున్నది బిడ్డా నా పేరు?" అని అడిగింది. అంకితం పేజీ తీసి ఆమె వేలు పట్టుకుని ఆ మూడక్షరాల మీద పెట్టాను. వేలికి మసి అంటిందేమో అని చూసుకుని, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టింది.

మీరు పంపిన కవితలు చదివాను. కూలీలను వలస పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట లారీ ఎక్కిన మీ అక్క మీద రాసినది 41వ పేజీలో దాచేశారు. దాన్ని మొదటికి తీసుకురండి.