ఊసరవెల్లి పొర సగంలో ఆగిపోయింది

ప్రశ్న: మా అబ్బాయి యెమెన్ ఊసరవెల్లిని పెంచుతున్నాడు. వారం దాటినా పొర పూర్తిగా ఊడలేదు. కాలివేళ్ల దగ్గర, తోక కొసన అలాగే ఉండిపోయింది. కొబ్బరినూనె రాసి లాగేయమంటున్నారు మా అత్తగారు. లాగొచ్చా డాక్టరుగారూ?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: వద్దమ్మా. నేనొద్దన్నానని అత్తగారికి చెప్పండి. పాములా ఇది ఒక్కసారే కుబుసం విడవదు, ముక్కలుముక్కలుగా రాలుస్తుంది. లాగితే కింది లేత చర్మం చిరుగుతుంది. మన అనంతపురం ఎండాకాలంలో గాలికి తడెక్కడిది? దానికి తోడు ఫ్యాను! ఆ గాలి గూటికి తగలనివ్వకండి. పొద్దున, సాయంత్రం స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద సన్నగా నీళ్లు కొట్టండి. అది తాగేది కూడా ఆ బొట్లే. మధ్యలో గూడు ఆరాలి. టబ్బులో ముంచితే బెదిరిపోతుంది. గరుకు కొమ్మ ఒకటి పెట్టండి, తనే రుద్దుకుంటుంది.

పొర వేలికో తోకకో ఉంగరంలా బిగిస్తే రక్తం ఆడక ఆ భాగం నల్లబడుతుంది. అలా కనిపించినా, పగలు కళ్లు మూసుకునే ఉన్నా వెంటనే పశువైద్యుడికి చూపించండి.

అన్నట్టు, అది మన చేలల్లో దొరికిన ఊసరవెల్లి అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంచడం నేరం, అటవీశాఖకు అప్పగించాలి. యెమెన్‌దే అయితే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించారా?