తెల్లగా మిగిలిన గడులు

చిట్టితల్లీ,

ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోన్లో "వారం రోజులుగా పేపర్లో గళ్ళనుడికట్టు చేస్తున్నాను పెద్దమ్మా, సగం కూడా నిండట్లేదు, నాకు తెలుగు రాదని తేలిపోయింది" అని వాపోయావు. అప్పుడు ఏవో నాలుగు మాటలు చెప్పి పెట్టేశాను గానీ, పడుకున్నాక చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం. మెట్రోలో సీటు దొరికినప్పుడు చదువుకో.

సగం నిండిందంటే తక్కువేం కాదు. నేను మొదలుపెట్టిన కొత్తలో మొత్తానికి మూడు మాటలు పడేవి, అందులో రెండు తప్పు. మీ పెదనాన్న పేపరంతా చదివి మడతపెట్టాక గానీ నా చేతికొచ్చేది కాదు. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఎన్ని పడితే అన్ని, మిగతావి మధ్యాహ్నం. ఇప్పటికీ నాకు రోజూ ఒకటో రెండో గడులు తెల్లగానే మిగులుతాయి. మిగలనివ్వు. నిండిన గడిలో ఉన్నది నీకు ముందే తెలిసినది. మిగిలిపోయిన దాన్ని మర్నాడు ఏం చేస్తావన్నదే అసలు సంగతి. దాని గురించి తర్వాత చెప్తాను.

నువ్వు ఇంతకుముందు ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ పజిల్స్ చేసిన దానివి కాబట్టి చెప్తున్నాను. మనకు గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒకే గడి. "స్త్రీ" ఒక్క గడి. "సూర్యుడు" మూడు గడులు. దీనివల్ల ఒక చిక్కు, ఒక లాభం. అడ్డం మాటలో "తి" వస్తే నిలువులో కూడా "తి"యే రావాలి, "త" అన్నా "తీ" అన్నా కుదరదు. కానీ ఒక్క గడి ఖాయమైతే చాలు, హల్లూ అచ్చూ రెండూ దొరికినట్టే. రెండు మూడు గడులు నమ్మకంగా పడితే మిగతా మాట అదే నోటికొస్తుంది.

ఆధారం, అంటే ఏ మాట నింపాలో చెప్పే సూచన, చదివేటప్పుడు దాని తోక చూడు. "పక్షులు" అని బహువచనంలో అడిగితే చివరి గడిలో పెన్సిల్‌తో "లు" వేసెయ్. మగవాడి పేరు అడిగితే చివర "డు" రావడానికి అవకాశం ఎక్కువ, అయితే కూర్చేవాళ్ళు గడులు చాలకపోతే "అర్జున" అని కోసేస్తుంటారు కూడా. పెన్ను మాత్రం ముట్టుకోకు. పెన్నుతో చేసేవాళ్ళు రెండు రకాలు: అన్నీ తెలిసినవాళ్ళు, అన్నీ తెలుసనుకునేవాళ్ళు. నేను చాలాకాలం రెండో రకం.

ఇక నీకు బొత్తిగా కొరుకుడు పడటం లేదన్న ఆధారాలు. అవి అర్థం అడగటం లేదమ్మా, ఆట ఆడుతున్నాయి. "యంత్రం తిరగబడితే లక్ష్మి (2)" అన్నాడనుకో, బ్రాకెట్లో 2 అంటే రెండు గడులు, యంత్రం అంటే మర, వెనక నుంచి చదివితే రమ. "పాట తిరిగొస్తే ఉత్తరం" అంటే టపా. "నడుము లేని తామర రాసుకోడానికి పనికొస్తుంది (2)" అని ఒకసారి ఇచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టుకున్నాను. కమలంలో మధ్య అక్షరం తీసేస్తే కలం! ఆ సాయంత్రం నా సంతోషం చూసి మీ పెదనాన్న ఏదో లాటరీ తగిలిందనుకున్నారు. "తల లేని పట్నం వేడెక్కింది (2)" అంటే నగరంలో మొదటి అక్షరం తీసెయ్, గరం. తిరిగింది, తడబడింది, తల తెగింది, తోక పోయింది, చెదిరింది లాంటి మాట కనిపించగానే అర్థం సంగతి పక్కనపెట్టి అక్షరాల మీద పడు.

తిరగెయ్యడమనేది ఈ ఆట పేరులోనే ఉందిలే. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది వేశాడు. వజ్రం ఆకారంలో ఉండేది, పేరు "వర్డ్-క్రాస్". కొన్ని వారాలకు అచ్చువేసేవాళ్ళ పొరపాటున మాటలు అటూ ఇటూ అయి "క్రాస్-వర్డ్" అని పడింది. అదే నిలిచిపోయింది. కాబట్టి పజిల్‌లో అచ్చుతప్పు కనిపిస్తే మరీ కోప్పడకు.

ఇప్పుడు మిగిలిన గడుల సంగతి. ఒకసారి "నారదుడి వీణ (3)" అని ఇచ్చారు. ఇంత తేలికా అనుకుని పెన్నుతో "కచ్ఛపి" అని రాసేశాను. దాన్ని దాటే నిలువు మాటలు మూడూ మొండికేశాయి. మధ్యాహ్నానికి పత్రికవాళ్ళనే తిట్టుకుంటున్నాను, తప్పు గళ్ళు వేశారని. మర్నాడు చూస్తే జవాబు మహతి. కచ్ఛపి సరస్వతీదేవి వీణ. పరువు పోయినట్టయి ఆ రోజంతా ఆ వీణల వెంటే పడ్డాను. తుంబురుడి వీణ కళావతి అట. విశ్వావసువనే గంధర్వుడి వీణ బృహతి అట. మహతి, బృహతి రెండూ మూడేసి గడులే, చివరి రెండక్షరాలూ ఒకటే! అంటే "హతి" వచ్చేసింది కదా అని ధీమాగా ఉంటే మొదటి గడిలో మళ్ళీ బోల్తా పడొచ్చు. ఇక విశ్వావసు అంటే ఎక్కడో విన్న పేరులా ఉందే అనుకుంటే, అది మన అరవై సంవత్సరాల పేర్లలో ఒకటి. 2025 ఉగాదితో వచ్చింది విశ్వావసు నామ సంవత్సరమే కదా. పంచాంగ శ్రవణంలో ఆ పేరు విన్నప్పుడు అందరూ ఆదాయ వ్యయాలు వింటున్నారు, నేను మాత్రం వీణ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆ ఒక్క తప్పు చెయ్యకపోతే ఇవేవీ నాకు తెలిసేవి కావు. మహతి అని సరిగ్గా రాసి ఉంటే ఆ క్షణమే మర్చిపోయేదాన్ని. అందుకని నువ్వు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. నింపిన మాటలు అందులో రాయకు. తప్పు రాసినవి, ఖాళీగా వదిలేసినవి మాత్రమే రాయి. పక్కన నువ్వేమనుకున్నావో కూడా రాసుకో, అది చదువుకుంటే తర్వాత భలే నవ్వొస్తుంది. రోజుకు ఒక్కటి చాలు. పోటీ పరీక్షలవాళ్ళలా యాభై బిట్లు బట్టీపడితే వారం ఆగవు.

ఆ ఒక్క మాట పట్టుకుని కాస్త దూరం నడువు. "శివుడి విల్లు" పినాకం అని తెలిసిందనుకో, అక్కడ ఆగకు. పెన్నా నదికి పినాకిని అని పేరుందని తడుతుంది. ఆ నది కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మన నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని చూస్తావు. మ్యాపు తీశాక మూసీ కూడా కనిపిస్తుంది, దాని పాత పేరు ముచికుంద. నువ్వు రోజూ మెట్రోలో దాటే నదే, ఈసారి కిటికీలోంచి చూసినప్పుడు ఆ పేరుతో ఒకసారి పిలిచి చూడు.

అర్జునుడితో మాత్రం జాగ్రత్త. ఏ పజిల్‌లోనైనా నెలకోసారన్నా తగులుతాడు. విరాటపర్వంలో బృహన్నల వేషంలో ఉన్నప్పుడు, నేనే అర్జునుణ్ణంటే ఉత్తరకుమారుడు నమ్మక, అయితే నీ పది పేర్లూ చెప్పమంటాడు. ఆ పది పేర్లూ, వాటి అర్థాలూ నేర్చుకుంటే సగం పజిళ్ళు గట్టెక్కుతాయి. గడులు లెక్కపెట్టి ఎంచుకోవాలి: మూడైతే కిరీటి, నాలుగైతే సవ్యసాచి, అయిదైతే ధనంజయుడు, ఆరుంటే శ్వేతవాహనుడు. మూడుకే జిష్ణువు కూడా ఉన్నాడు, మర్చిపోకు.

ఫోను గురించి. చూడొద్దని అనను, నేనూ చూస్తాను. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో నిఘంటువులన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు, మా రోజుల్లో ఆ సుఖం లేదు. కానీ సాయంత్రం దాకా ఆగు. పొద్దున్న పావుగంట చేసి పక్కన పడెయ్. ఆఫీసులో నీ పని నువ్వు చేసుకుంటుంటే ఏ లిఫ్టులోనో మాట దానంతటదే వచ్చి పడుతుంది. అలా ఎందుకొస్తుందో నాకు తెలీదు గానీ, వస్తుంది.

ఇంకొకటి, "మజ్జిగ చిలికేది (2)", "బావి మీద తిరిగేది (3)" లాంటివి నిఘంటువులో వెతక్కు. మీ అమ్మమ్మకు ఫోన్ చెయ్. కవ్వం, గిలక అని జవాబు ఒక్క క్షణంలో చెప్తుంది, ఆ తర్వాత పావుగంట వాళ్ళ ఊరి బావి గురించి చెప్తుంది. ఆ పావుగంట కోసమే చెయ్యమంటున్నాను. ఆవిడ నీ ఫోను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, నీకేమో ఏం మాట్లాడాలో తోచదంటావు.

మీ నాన్న "పనికిమాలిన పని, టైమ్ వేస్ట్" అంటున్నాడన్నావు. వాడు అనేది ఇవాళ కొత్తగా పుట్టిన మాట కాదులే. 1924లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కూడా ఇదంతా పాపపు కాలహరణం అన్నట్టే రాసింది. యుద్ధకాలంలో, 1942 ఫిబ్రవరిలో, అదే పత్రిక తన ఆదివారం సంచికలో సొంతంగా గళ్ళు వేసుకుంది. అంతకు నెల ముందే లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ ఒక పోటీ పెట్టింది, పన్నెండు నిమిషాల్లో పజిల్ పూర్తి చెయ్యాలని. నెగ్గినవాళ్ళలో కొందరిని తర్వాత బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల రహస్య సంకేతాలు విప్పే పనికి పిలిచారు. ఇది మీ నాన్నకు చెప్పు. నిన్ను ఎవరూ పిలవరనుకో, అయినా చెప్పు.

అన్నట్టు, నీకోసం నేనే ఒక ఆధారం కూర్చాను. "తల పోయిన ఆవిరి పూసింది (2)." ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు. అప్పటికీ రాకపోతే ఖాళీగానే వదిలెయ్, మీ అమ్మని మాత్రం అడక్కు, దానికి వెంటనే తెలిసిపోతుంది.

ఇట్లు,
పెద్దమ్మ